నాయన నూనె పెట్టిన తుపాకి

మా ఊళ్ళో మా ఇంటిపేరుతో ఎవరికీ పనిలేదు. తుపాకోళ్ళిల్లు అంటే చాలు, విడపనకల్లు బస్సు దిగి వచ్చినవాళ్ళను చిన్నపిల్లలు కూడా నేరుగా మా గడప దాకా తెచ్చి వదిలేవాళ్ళు. ఆ తుపాకిని మా తాత బళ్ళారిలో ఒక రిటైరైన మిలిటరీ ఆఫీసరు దగ్గర కొన్నాడు. ఒంటి గొట్టం తుపాకి. నడుమ మడిచి ఒక్క తూటా పెట్టి మూయాలి. కర్రపిడి చీలితే తాతే రాగితీగ చుట్టాడు. దాంతో ఆయన అడవిపందులను కొట్టేవాడట. పంది పడిన రోజు ఊరంతా గిన్నెలు పట్టుకొని మా వాకిట్లో ఉండేదని అమ్మ చెప్పేది. ఊళ్ళో ఎవరి పెళ్ళయినా సరే, పెళ్ళికూతురు ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు తాత వచ్చి ఆకాశంలోకి ఒకటి పేల్చాల్సిందే. ఆ చప్పుడు కోసం మేళగాళ్ళు కూడా ఆగేవాళ్ళు.

తాత పోయాక లైసెన్సు నాయన పేరుకు మారింది. నాయన వేటగాడు కాడు. మా వైపు జింకలు ఎక్కువ. మందగా వచ్చి వేరుశనగ చేలో పడ్డాయంటే తెల్లారేసరికి సాళ్ళు మిగులుతాయి తప్ప చెట్లు మిగలవు. వాటిని కొడితే జైలు. అందుకని నాయన గట్టు మీద నిలబడి గాల్లోకి ఒకటి పేల్చేవాడు. జింకలు పక్కచేలోకి పోయేవి. పక్కచేను ఆయన మా నాయనను తిట్టేవాడు. మా తుపాకి వల్ల లోకానికి జరిగిన మేలు ఇంతేనని నేను ఎగతాళి చేసేదాన్ని.

నిజం చెప్పాలంటే నాకు ఆ తుపాకి అంటే ఒళ్ళుమంట. దానికున్న మర్యాద ఇంట్లో మనుషులకు ఉండేది కాదు. ఎలక్షన్లు వచ్చాయంటే నాయన దాన్ని కంబళిలో చుట్టి, బస్సులో పక్కన కూర్చోబెట్టుకొని పోయి పోలీసు స్టేషన్లో అప్పగించాలి. అంతా అయ్యాక రశీదు పట్టుకొని మళ్ళీ పోయి తెచ్చుకోవాలి. మా జిల్లాలో ఎలక్షన్లకేం తక్కువ, ఏదో ఒకటి నడుస్తూనే ఉండేది. ఇది కాక లైసెన్సు రెన్యూవలు కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం. ఇవన్నీ ఒక ఎత్తయితే ఆదివారాలు ఒక ఎత్తు. ప్రతి ఆదివారం పొద్దున్నే నాయన అరుగు మీద పాత పంచెగుడ్డ పరిచి, కుట్టుమిషను నూనె సీసా పక్కన పెట్టుకొని, ఆ తుపాకిని చంటిపిల్లకు తలంటినంత ఓపికగా తుడిచేవాడు. అమ్మ తలుపు దగ్గర నిలబడి చూసేది. 

తొంభైల చివర్లో నేను అనంతపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివాను. ఆ మూడేళ్ళూ మా ఊరికి వాన లేదు. వేరుశనగ చెట్టు పీకితే వేళ్ళకు కాయలు లేవు. నాయన నాలుగో బోరు వేయించాడు, దాంట్లోనూ దుమ్మే లేచింది. చివరికి ఎద్దుల జతను సంతలో అమ్మేశాడు. సెలవులకు ఇంటికి వచ్చి ఖాళీ కొట్టం చూసి నేను వెక్కివెక్కి ఏడ్చాను. నాయన మాత్రం మామూలుగా ఉన్నాడు. అన్నం తిన్నాడు, నా మార్కులు అడిగాడు. ఎంత గట్టి మనిషో అనుకున్నాను.

మారింది ఒక్కటే, తుపాకి పేల్చడం మానేశాడు. ఆ తర్వాత వానలు పడి చేను పచ్చబడి జింకలు వచ్చినా, తుపాకి భుజానికి తగిలించుకొని పోయి, అక్కడ పాత నూనెడబ్బా మీద కర్రతో కొట్టేవాడు.

"ఇంట్లో తుపాకి పెట్టుకొని డబ్బా కొట్టే రైతు జిల్లా మొత్తానికీ నువ్వొక్కనివే నాయనా" అన్నాను ఒకసారి.

"తూటాలు ఊరికే వస్తాయా పాపా" అని నవ్వాడు.

నా పెళ్ళికీ పేల్చలేదు. నేను పెళ్ళికూతురినై గడపలో నిలబడ్డాను. మేళం ఆగింది. అందరూ నాయన వైపు చూశారు. ఆయన తుపాకి పట్టుకొనే ఉన్నాడు, కాని "ఇప్పుడు గాల్లో కాలిస్తే కేసు పెడతారంట, పదండి పదండి" అని అందరినీ ముందుకు తోశాడు. ఊళ్ళో ఆడపిల్లలందరికీ పేలిన తుపాకి ఆ ఇంటి పిల్లకు పేలలేదని మా మేనత్త పొద్దుగూకేదాకా సాధించింది. నేను కూడా ఆయనతో వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

పెళ్ళయి అనంతపురంలో కాపురం పెట్టాను. అక్కడే బడిలో టీచరు ఉద్యోగం. నాలుగైదేళ్ళు గడిచాక ఒక రెన్యూవలుకు, తుపాకిని తుపాకుల అంగడిలో చూపించి అది బాగుందని చీటీ తెమ్మన్నారు. నాయన టౌనుకు వచ్చాడు. నేను తోడు వెళ్ళాను. అంగడి యజమాని ఒక ముసలి సాయిబు. కంబళి విప్పి తుపాకి బల్ల మీద పెట్టగానే నాయన, "ఆఫీసులో ఒక సంతకం కావాల, నువ్వు ఈడనే కూచో పాపా" అని లేచి వెళ్ళిపోయాడు. సాయిబు తెప్పించిన టీ కూడా తాగలేదు.

సాయిబు తుపాకి మడిచి గొట్టంలోకి చూశాడు. "శానా బాగా పెట్టుకున్నాడమ్మా మీ నాయన" అన్నాడు. తర్వాత టార్చి వేసి వెనక భాగం చూశాడు. బొటనవేలితో తడిమాడు. మళ్ళీ చూశాడు. ఒక స్క్రూ విప్పి, వేలెడు కూడా లేని ఇనుప ముక్క బయటికి తీసి నా అరచేతిలో పెట్టాడు.

"ఇది పోయి తూటా వెనక గుద్దుకుంటేనే పేలేది. దీని మొన యాడుండాది? ఆకురాయి పెట్టి రాసేసినారు. ఇప్పటిది కాదు, శానా ఏండ్లయింది. ఈ తుపాకి పేలదమ్మా."

 ఒక ఏడాది ఎలుగుబంటి తిరుగుతోందని ఊరంతా తలుపులు వేసుకున్నప్పుడు, ఈ మనిషి ఇదే తుపాకి పట్టుకొని ఒంటరిగా చేనికి కావలి పోయాడు. అది ఎదురుపడి ఉంటే? ఎవడు చేసిన పని ఇది? మరుక్షణమే తెలిసిపోయినట్టయింది. స్టేషనోళ్ళు! ఎలక్షన్లకని అప్పగించిన తుపాకిని ఎవడో పాడుచేసి తిరిగిచ్చాడు. నా కోపం సంగతి నాకు తెలుసు, మనిషి కనబడితే అక్కడే పట్టుకొని దులిపేస్తాను. సాయిబు, కొత్త మొన వేయడం గంట పని అన్నాడు. ఇంట్లో అడిగి వస్తామన్నాను. చీటీ సంగతి తర్వాత చూద్దామని ఆయనా అన్నాడు.

నాయనకు ఏమీ చెప్పలేదు. డెబ్బై ఏళ్ళ మనిషికి బస్టాండులో చెప్పే మాటా అది? మరునాడు బడికి సెలవు కాబట్టి ఆయనతో పాటే ఊరికి వెళ్ళి, నేరుగా వంటింట్లోకి పోయి అమ్మ ముందు కోపమంతా కక్కేశాను.

"స్టేషనోళ్ళు చేసిన పని చూడమ్మా! మొన అరగదీసి పంపినారు. ఇన్నేళ్ళూ నాయన ఉత్త కట్టె మోసినాడు. రేపే పోయి అడుగుతా ఒక్కొక్కన్ని."

అమ్మ బియ్యం చేట కింద పెట్టింది. వాకిలి వైపు చూసి, గొంతు తగ్గించింది.

"స్టేషనోళ్ళు కాదు. నేనే చేయించినా."

ఈమెకు మతి చెడిందా అనుకున్నాను. అగ్గిపుల్ల గీయాలంటే ముఖం పక్కకు తిప్పుకునే మనిషి మా అమ్మ.

నాలుగో బోరు పోయిన వారానికి ఆమె నాయన చొక్కా ఉతుకుతుంటే జేబులో తూటా తగిలిందట. ఒక్కటే తూటా. వేటకు పోయే మనిషి కాడు, జింకలను బెదిరించడానికి చేలో పంటే లేదు.  తూటాను ఆరిన చొక్కా జేబులో మళ్ళీ పెట్టేసింది. పురుగులమందు డబ్బా ఇంట్లో ఉంటే అదీ దిబ్బలో పారబోసింది.

"తూటాలు దాసిపెట్టలేకపోయినావా?" అన్నాను.

"దాస్తే అడుగుతాడు. అడిగితే ఏమని సెప్పాల? నువ్వు సస్తావని బయపడి దాసినానని మొగునితో ఏ నోటితో అనేది?"

నాయన ఎద్దులను తోలుకొని సంతకు పోయిన రోజు, ఆమె తుపాకిని జొన్నచొప్ప మోపులో దూర్చి, మోపు నెత్తిన పెట్టుకొని పక్కూరి కమ్మరి దగ్గరికి నడిచి పోయింది. "అన్నకు తెలిస్తే నన్ను సంపుతాడక్కా" అని కమ్మరి భయపడ్డాడట. "దీంతో అయితే సంపలేడులే" అందట అమ్మ. ఇంత చెప్పి ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది.

"నేనే పాపిష్టిదాన్ని. ఆయప్ప అట్లాంటోడు కాదు. ఎద్దుల్ని అమ్ముకొచ్చి కూడా కడుపునిండా అన్నం తిన్నాడు. అంత గట్టి మనిషిని అనుమానపడి, వాళ్ళ నాయనిచ్చిన తుపాకిని సంపేసినా. ఆదివారమొస్తే దానికి నూనె పెడతాంటే సూడలేక సస్తాండా. బాగుచేయించు పాపా. నా పేరు మాత్రం సెప్పద్దు. స్టేషనోళ్ళు చేసినారనే సెప్పు."

ఇన్నేళ్ళ ఆదివారాలు తలుపు దగ్గర నిలబడింది ఇందుకా!  సరేనన్నాను.

నాయన అరుగు మీద కూర్చొని బస్సు దుమ్ము పట్టిందని తుపాకిని తుడుస్తున్నాడు. పక్కన కూర్చున్నాను. అమ్మ చెప్పమన్నట్టే చెప్పాను. స్టేషన్లో ఎవరో మొన పాడుచేశారని, సాయిబు గంటలో బాగుచేస్తానన్నాడని.

ఆయన తుడవడం ఆపలేదు.

"స్టేషనోళ్ళు కాదులే పాపా. మీ అమ్మ."

నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

"నీకెట్ల తెలుసు?"

"నొక్కినా గదా" అన్నాడు.

ముందు అర్థం కాలేదు. జింకల మీదా, పందుల మీదా అని అడగబోయాను. అమ్మకు జేబులో దొరికిన ఒక్క తూటా గుర్తొచ్చి ఆగిపోయాను.

"ఎద్దుల్ని అమ్మొచ్చిన మరుసటి దినం. పొద్దున, చేనికాడ. ఉత్త సప్పుడొచ్చింది. తూటా తీసి సూస్తే దాని మీద నొక్కు లేదు. స్క్రూ విప్పి సూసినా. ఆకురాయి గీతలు మెరుస్తాండాయి. నేను లేనప్పుడు ఇంట్లో ఉండేది మీ అమ్మ ఒక్కతే గదా. ఆడనే కూలబడినా. సిగ్గయింది పాపా. ఆమెకు అంత కనపడిందంటే నేనెట్ల కనపడినానో సూడు."

నేను ఏడుస్తున్నాను. బడిలో ఎందరో తండ్రులతో మాట్లాడాను, ధైర్యం చెప్పాను.  మా నాయనను మాత్రం, పేలదని తెలిసి ప్రతి ఆదివారం ఈ నూనె ఎందుకని అడిగాను.

"పెట్టకపోతే ఆమెకు తెలిసిపోదా, నాకు తెలిసిందని? తెలిస్తే ఎట్ల తెలిసిందని అడుగుతాది. బాగుచేయించొద్దు. మీ అమ్మకు సెప్పొద్దు. ఇట్లనే ఉండనీ."

డబ్బా కొట్టే రైతువని ఆయన మీద జోకులు వేసిన నోరు నాది. పెళ్ళిలో పేల్చలేదని వారం రోజులు అలిగిన నోరూ నాదే. లేచి లోపలికి పోయాను.

అమ్మ పొయ్యి దగ్గర రొట్టె కాలుస్తోంది. నన్ను చూడగానే "బాగుచేయించమన్నాడా?" అని అడిగింది.

"స్టేషనోళ్ళనే చెప్పినా. బాగుచేయించొద్దన్నాడు" అన్నాను. ఆ మాటలో ఏ ప్రమాదమూ లేదనుకున్నాను.

"వద్దన్నాడా? వాళ్ళ నాయన తుపాకి బాగవుతాదంటే వద్దన్నాడా?"

ఆమె చేయి పెనం మీద ఆగిపోయింది. నా కళ్ళ వైపు చూసింది. నాకు కోపం వచ్చినంత సులువుగా అబద్ధం రాదు. ఒక్క మాట అడిగింది.

"ఎప్పుడు?"

చెప్పకూడదని గట్టిగా అనుకున్నాను. పట్టుమని పది సెకన్లు కూడా నిలవలేకపోయాను. "ఎద్దుల్ని అమ్మొచ్చిన మరుసటి దినం" అన్నాను.

అమ్మ కూర్చున్నచోటే గోడకు ఒరిగిపోయింది. పెనం మీద రొట్టె నల్లబడుతోంది. ఇద్దరిలో ఎవరమూ దాన్ని తీయలేదు.

"ఆయప్ప సంతకు పోయిన పొద్దు నాకు సలిజొరం పాపా" అంది. "ఒళ్ళు కాలిపోతాండె. మోపు ఎత్తుకొని గడప దాకా పోయి, శాతగాక దింపేసినా. రేపు పోదాంలే, ఒక దినానికి ఏమైతాదిలే అని మంచంలో పండుకున్నా గూడా. మల్లా లేసి ఎందుకు ఎత్తుకున్నానో నాకు తెలీదు."

ఆమె పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. నేను రెండు చేతులూ పట్టుకున్నాను. బయటి నుంచి నాయన గొంతు వినిపించింది.

"ఏందే, రొట్టె మాడుతాండాది, వాసన రాలేదా?"