వెనక సీటు

ఆమె సోఫాల దుకాణంలో తోలు కుట్టేది. మెత్త మీద తొడుగును ముడత లేకుండా కూర్చోబెట్టడంలో ఆమెకు సాటి లేరని యజమాని అందరి ముందూ అనేవాడు, పని ఎక్కువైనప్పుడు మరీను. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. కంపెనీ అతనికిచ్చిన బండికి వెనక సీటు ఉండాల్సిన చోట పనిముట్ల పెట్టె బిగించి ఉండేది. దాంతో పెళ్ళయిన నాటి నుంచీ అతను బండి మీదా, ఆమె బస్సులోనూ వెళ్ళేవారు. బంధువుల ఇళ్ళకీ అంతే, ఆసుపత్రికీ అంతే.

"మన సొంత బండి రానీవే, నిన్ను వెనకాల కూర్చోబెట్టుకుని కొండల దాకా తీసుకెళ్తా" అనేవాడు. అరచేతిలో వైకుంఠం చూపించే మగాళ్ళను నమ్మకూడదని ఆమెకు తెలియక కాదు. అయినా నమ్మింది. కొండల మాట దేవుడెరుగు, అతని వెనక కూర్చుని వీధి చివరి దాకా వెళ్ళినా చాలనుకుంది.

కూతురి చదువు పూర్తయ్యాక ఆ రోజు వచ్చింది. కొంటే దర్జాగా వెనక్కి వాలి నడిపే క్రూయిజర్ బైకే కొనాలని అతని పంతం. షోరూములో రెండు నచ్చాయి. ఒకటి మెరూన్ రంగుది. వెనక సీటు వెడల్పుగా ఉంది, నడుము ఆనుకోవడానికి దిండు కూడా ఉంది. ఆమె ఎక్కి కూర్చుంది, దిగబుద్ధి కాలేదు. రెండోది నల్లది. నేలకు దగ్గరగా, పొడుగ్గా ఉంది. అతను దాని చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. తనను అంతసేపు ఎప్పుడు చూశాడో ఆమెకు గుర్తు రాలేదు.

"దీని అందమంతా మార్చుకోవడంలోనే ఉంది సార్" అన్నాడు సేల్స్‌మన్. "హ్యాండిల్, సైలెన్సర్, లైటు, సీటు, ఏదైనా మీకు నచ్చినట్టు పెట్టించుకోవచ్చు. మెరూన్‌ది అలా కాదు, ఉన్నదే ఉంటుంది."

"వెనకాల ఆనుకునే దిండు కూడా పెట్టించుకోవచ్చా బాబూ?" అని ఆమె అడిగింది.

"భేషుగ్గా పెట్టించుకోవచ్చు మేడమ్!"

"విన్నావుగా, ముందు నీ దిండే" అన్నాడు భర్త. ఆమె సరేనంది.

ముందు హ్యాండిల్ వచ్చింది. తర్వాత వీధి వీధంతా తిట్టుకునే సైలెన్సర్ వచ్చింది. తర్వాత అద్దాలు, గుండ్రటి లైటు. బండి ఇంటి ముందు కన్నా గ్యారేజీలోనే ఎక్కువ ఉండేది. ఎక్కుతానంటే, "పని పూర్తి కానీ, సగం బండి మీద నిన్నెక్కిస్తానా?" అని ముద్దుగా కసిరేవాడు. దిండు సంగతెత్తితే వచ్చే నెల అనేవాడు.

ఒక సాయంత్రం ఒక్క మనిషికి సరిపోయే చిన్న సీటు తెచ్చి ఆమె కుట్టు మిషను మీద పెట్టాడు. తొడుగు లేదు, ఉత్త మెత్త.

"తోలు నువ్వే కుట్టాలి. బయటివాళ్ళకిస్తే పాడుచేస్తారు."

"మరి వెనక సీటో?"

"తీయించేశాను. వెనక మడ్‌గార్డు కూడా కోయించాను. అసలు అందం ఇప్పుడొచ్చింది, చూద్దువుగాని!"

ఆమెకు ఆ మెత్తను అతని మొహాన కొట్టి పొమ్మనాలనిపించింది. కావాలనే వంకరగా కుట్టి పారేద్దామనుకుంది. కానీ ఆ చేతులకు వంకర కుట్టు రాదు. మర్నాటికి సీటు నిగనిగలాడుతూ తయారైంది. "నీ చేతిలో ఏదో ఉందే!" అని పొంగిపోయాడు. ఆ పొగడ్త ఒంటికి కారం రాసినట్టుంది.

ఆదివారం స్నేహితులు బండి చూడటానికి వచ్చారు. ఆమె టీ తెచ్చిచ్చింది. ఒక్కొక్కరూ ఎక్కి దిగి అబ్బో అన్నారు. వాళ్ళలో పెద్దాయన మాత్రం చుట్టూ చూసి, "అంతా బాగుందిరా, మరి మా చెల్లెమ్మ ఎక్కడ కూర్చుంటుంది?" అన్నాడు.

భర్త తలెత్తలేదు, తుడిచిన లైటునే మళ్ళీ తుడుస్తున్నాడు. నలుగురిలో అతను చిన్నబోవడం ఆమె చూడలేకపోయింది. ఇన్నేళ్ళ పాడు అలవాటు, ఊరుకోనివ్వలేదు.

"నాకు బండంటే భయం అన్నయ్యా. నేనే వద్దన్నాను" అంది.

అతను చప్పున తలెత్తాడు. కనీసం కళ్ళతోనైనా తప్పు ఒప్పుకుంటాడేమోనని ఆమె చూసింది.

"అవును, దీనికి మొదట్నుంచీ భయమే" అన్నాడతను, తేలిగ్గా.

అబద్ధమాడేటప్పుడు అతని మొహం ఎలా ఉంటుందో ఆమెకు బాగా తెలుసు. ఇది ఆ మొహం కాదు. అతను నిజంగానే నమ్మేశాడు.