పిల్లి ఎదురొస్తే మంచినీళ్లు

పిల్లికి బిచ్చం పెట్టనివాళ్లను లోకం తిడుతుంది. నేను పెట్టి మరీ మా ఇంటి ఓనరు చేత తిట్లు తిన్నాను.

పలాసలో నేను అద్దెకుండే ఇంటి ఎదురుగా జీడిపిక్కల గోడౌన్ ఉంది. అక్కడుండే నాలుగు వీధి పిల్లులు రోజూ పొద్దున్నే మా గుమ్మం ముందుకు వస్తాయి. చేపల బజారులో అడిగి తెచ్చిన తలకాయలు ఉడకబెట్టి, అన్నంలో కలిపి గిన్నెలో పెడతాను. బడికి వెళ్లేముందు అవి తింటుంటే చూడడం నాకున్న ఒకే ఒక్క వ్యసనం.

పక్క వాటాలో ఓనరు దంపతులుంటారు. ఆయన సరిగ్గా అదే వేళకు జీడితోటకు బండి తీస్తాడు. పిల్లి అడ్డొస్తే మాత్రం కదలడు. లోపలికెళ్లి, కాసేపు కూర్చుని, గ్లాసుడు మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరతాడు. ఒకరోజు పిల్లులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మూడుసార్లు లోపలికెళ్లి మూడు గ్లాసులు తాగి, నాలుగోసారి నా మీదకొచ్చాడు.

"టీచరమ్మా, నెలాకరికి ఆ పిల్లులైనా పోవాల, మీరైనా ఇల్లు కాలీ సెయ్యాల!"

ఒళ్లు మండింది. కానీ నేను వెళ్లిపోతే వాటికి పెట్టేదెవరు? నోరు మూసుకుని గిన్నెను పెరట్లోకి మార్చాను. అవి వెనక సందులోంచి గోడ దూకి రావడం నేర్చుకున్నాయి.

వారం తర్వాత ఓనరమ్మ పెరట్లోకి వచ్చింది.

"గిన్నె మళ్లీ ముందుకెట్టండమ్మా" అంది.

"ఇల్లు ఖాళీ చేయిస్తారండీ!"

"మా బావగారు కిడ్నీలు పాడయ్యే పోనారు. ఈయన్నైనా ఎండలోకెళ్లే ముందు నీళ్లు తాగమని డాక్టరు సెప్పినాడు. నాను సెప్తే ఇనడు, డాక్టరు సెప్తే ఇనడు. ఆ పిల్లికి బయపడి తాగీవోడు. ఇప్పుడు అదీ లేదు." ఆమె కళ్లు నిండాయి.

మర్నాడు గిన్నె ముందుకొచ్చింది. ఇల్లు పోతుందేమోనని భయంగానే ఉంది. తెల్లపిల్లి తోకెత్తుకుని బండికి అడ్డంగా నడిచింది. ఆయన గిన్నె వైపు చూశాడు, నా వైపు చూశాడు. బండి దిగి లోపలికెళ్లాడు.

కాసేపటికి మూతి తుడుచుకుంటూ వచ్చి, నా దగ్గర ఆగి గొంతు తగ్గించాడు.

"ఇది మా ఇంటిదాని పనే. నాకు తెల్దనుకుంటన్నాది. తెలిసిపోనాదని దానికి సెప్పకండి."