టీ పెట్టెల పాఠం చెప్పిన మాస్టారు

మా అయిదో తరగతి మాస్టారు పోయారు. పోయిన మంగళవారం ఉదయం, బెంగాల్లోని బడ్జ్ బడ్జ్‌లో కూతురింట్లో, మొహం కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చున్నవారు మళ్ళీ లేవలేదట. చిన్నప్పుడు బడిలో నా పక్కన కూర్చున్న స్నేహితురాలు ఇప్పుడు సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో ఉంటోంది. తనే ఫోన్ చేసింది. "ఒలే, మాస్టారు ఎల్లిపోనారే," అంది. ఆయన వల్ల మా రెండిళ్ళకీ జరిగిన మేలు ఒకటుంది. అది ఇప్పుడైనా రాయాలి.

మెటియాబ్రుజ్‌లో డాకు అని పిలిచే గంగ ఒడ్డు ఓడరేవు కూలీల ఇళ్ళ వెనక, రేకుల షెడ్డులో నడిచేది మా తెలుగు బడి. మా నాన్నలంతా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఓడలకి సరుకు ఎక్కించేవాళ్ళు. మాస్టారిదీ ఆ ప్రాంతమే. సుద్దముక్కని రెండుగా విరిచి ఒక ముక్క చొక్కా జేబులో దాచుకునేవారు. ఆ జేబు ఏ రోజు చూసినా తెల్లగా ఉండేది. మేమడిగినదానికి జవాబు తెలియకపోతే ఆ ప్రశ్నని బోర్డు మూల రాసి, తెలిసేదాకా చెరపనిచ్చేవారు కాదు.

అమెరికా తొలినాళ్ళ గురించి మా సోషల్ పుస్తకంలో ఉన్నది ఒక్క పేజీ. దాన్ని ఆయన మూడు వారాలు చెప్పారు. గుమ్మం దగ్గర ఇంగ్లండు, మా బెంచీల దగ్గర అమెరికా, మధ్యలో నేల మీద సుద్దతో గీసిన సముద్రం. ఆలస్యంగా వచ్చినవాళ్ళు దాన్ని తొక్కకుండా దూకాలి. ఓడ దిగినవాళ్ళ కథ మొదలుపెట్టబోతూ ఆగి, "ఈళ్ళ సంగతి తరవాత. ముందునుంచీ అక్కడున్నోలు ఎవులు?" అని అడిగారు. వాళ్ళ అడవులు, వాళ్ళ మొక్కజొన్న చేలు చెప్పాకే ఓడని ఒడ్డుకి రానిచ్చారు.

తర్వాత టీ కథ వచ్చింది. టీ మీద ఇంగ్లండు వేసిన పన్ను కట్టబోమని, బోస్టన్ రేవులో జనం ఓడెక్కి టీ పెట్టెల్ని సముద్రంలో పారేశారు. మా నాన్నలు రోజూ భుజాన మోసేవి టీ పెట్టెలే. నేను లేచి, "ఆ పెట్టెలు ఓడలోకి మోసినోలెవులు మాస్టారూ?" అన్నాను. "పుస్తకంలో నేదమ్మా. నాకూ తెల్దు," అని బోర్డు మూల రాశారు.

ఆ వారమే సమ్మెతో డాకులో పని ఆగిపోయింది. గేటు దగ్గర ఎర్రజెండాలు, ఎదురుగా పోలీసు వ్యాను. ఆదివారం మేం ఏడెనిమిది మందిమి గంగ ఘాటు మెట్ల దగ్గర బోస్టన్ ఆట ఆడాం. గోడౌను గోడ పక్కన చెత్తలో పగిలిన టీ పెట్టె ఒకటి కనిపించింది. "పన్ను కట్టం!" అని అరుస్తూ దాన్ని గంగలోకి తోసింది నేనే.

మర్నాడు ఆ పెట్టె జెట్టీ దగ్గర తేలింది. దాని మీద గోడౌను ముద్ర ఉంది. సమ్మె కూలీలు సరుకు పాడుచేస్తున్నారని కాపలావాళ్ళు ఫిర్యాదు చేశారు. మధ్యాహ్నానికి పోలీసులు ముగ్గురు కూలీల్ని పట్టుకుని గేటు పక్క పోలీసు చౌకీలో కూర్చోబెట్టారు. అందులో ఒకాయన నా స్నేహితురాలి నాన్న. సాయంత్రం మా వీధిలో ఎవరూ పొయ్యి వెలిగించలేదు. బెంగాలీలో అన్నని దాదా అంటారు; మా యూనియన్ దాదా వచ్చి, "ఆ పని సేసినోడెవడో సెప్పకపోతే కేసు రాసెస్తారు. మన సమ్మె మట్టికొట్టుకుపోతాది," అని కేకలేశాడు. నాన్న నా పక్కనే నిలబడి ఉన్నాడు. నేను నోరు విప్పలేదు.

మంగళవారం బడికి వచ్చేసరికి నా స్నేహితురాలి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. మాస్టారు హాజరు వేసి, పుస్తకం తెరవకుండానే అన్నారు.

"టీ కథలో ఒక ముక్క మిగిలిపోయింది. ఆ పెట్టెలు పారేసినోలు సొంత మొహాల్తో ఎల్లనేదు. ముందునుంచీ ఆ దేశంలో ఉన్నోల యేసం కట్టుకుని ఎల్లారు. మరి సూసినోలు ఎవుల పేరు సెప్తారు, తప్పు ఎవుల మీద పడతాది?"

ఆయన ఎవరివైపూ చూడలేదు. జేబులోంచి సుద్ద తీసి చేతిలో తిప్పుతూ నిలబడ్డారు. నేను లేచాను.

"ఆ పెట్టె నానే తోసేను మాస్టారూ. అది ఖాళీదే."

ఆయన తిట్టలేదు. "రా," అన్నారు. అంతే. పిల్లల్ని పెద్ద మాస్టారికి అప్పగించి, నా చెయ్యి పట్టుకుని చౌకీకి నడిపించారు. దారంతా ఒక్కటే మాట అన్నారు: "ఉన్నది ఉన్నట్టు సెప్పు. ఏడుపొస్తే ఏడు, మాట మాత్రం మార్సకు."

నేను ఏడుస్తూనే చెప్పాను. మాస్టారు దాన్ని బెంగాలీలో అక్కడి పోలీసు అధికారికి వినిపించారు. అతను కలం తీసి, "తండ్రి పేరు?" అని అడిగాడు. నాన్నది పర్మినెంటు పని కాదు. ఆ పేరు కాగితమ్మీద పడితే ఏమవుతుందో నాకూ తెలుసు.

మాస్టారు బల్ల మీదికి వంగారు. "ఈ ఆట నా పాఠంలోంచి పుట్టింది. నా పేరు రాసుకోండి దాదా," అన్నారు.

అధికారి ఒక జవానుని పంపి పెట్టె తెప్పించి చూశాడు. అడుగు పుచ్చిపోయి, లోపల సాలెగూళ్ళున్నాయి. మాస్టారి పేరు రాసుకున్నాడు. ముగ్గుర్నీ వదిలేశాడు.

ఆ రాత్రి నాన్న నన్ను కొట్టలేదు. అన్నాల దగ్గర తన చేప తలకాయ తీసి నా కంచంలో వేశాడు.

మాస్టారికి మాత్రం అది తేలిగ్గా పోలేదు. సమ్మె రోజుల్లో పిల్లలకి అమెరికా కథలేమిటని బడి కమిటీ నిలదీసింది. ఆయన్ని అయిదో తరగతి నుంచి తీసేసి, రెండేళ్ళు అఆలు దిద్దించే పని ఇచ్చారు. నేను క్షమించమని అడగడానికి వెళితే, చిన్నపిల్ల పలక సరిచేస్తూ, "ఏటికి? అడిగిందానికి నిజం సెప్పేవు. ఎల్లి సదువుకో," అన్నారు. ఇవాళ నేను తెలుగులో ఇంత రాయగలుగుతున్నానంటే అది ఆయన నేర్పినదే. మా తర్వాతి పిల్లలకి తెలుగు నోట్లో ఉంది గాని అక్షరం కంటికి ఆనదు.

బుధవారం ఉదయం నేనూ నా స్నేహితురాలూ బడ్జ్ బడ్జ్ వెళ్ళాం. పాడె లేచేసరికి జూట్ మిల్లులో షిఫ్టు వదిలారు. సన్నటి రోడ్డు నిండా సైకిళ్ళు. ఆయనెవరో వాళ్ళకి తెలియదు. అయినా ముందున్న ఒకాయన గంట కొట్టబోయి, చెయ్యి తీసేసి దిగాడు. వెనకవాళ్ళు ఒక్కొక్కరే దిగారు. ఒంటి నిండా జనపనార నుసితో, సైకిళ్ళని ఒంటికి ఆనించుకుని, మాస్టారు వెళ్ళేదాకా వాళ్ళు రోడ్డుకి రెండు వైపులా నిలబడ్డారు.