నేను పెట్టిన మెడికల్

మా లేబర్ క్యాంపులో ఫోన్లకు వచ్చిన ప్రతి మెసేజీ చదివి వినిపించే పని నాది. కంపెనీ ఇచ్చిన ఉద్యోగం టైంకీపర్, అంటే ఎవరు ఎప్పుడు సైటుకొచ్చారో రాసుకోవడం. చదివి వినిపించడం జీతం లేని కొలువే అయినా నాకు గౌరవం దక్కింది అందులోనే. కరోనా టీకా బహ్రెయిన్‌కు వచ్చిన కొత్తలో ఆ గౌరవాన్ని తెగ వాడుకున్నాను. సూది వేయించుకుంటే రెండేళ్లలో పోతారని ఒక మెసేజీ, పిల్లలు పుట్టరని ఇంకొకటి. నవ్వించాలని గొంతు మార్చి మరీ చదివేవాణ్ని. అందరూ నవ్వారు కూడా. ఎవరూ నమ్మలేదనుకున్నాను.

మరుసటి వారం కంపెనీ నన్నే పిలిచి, టీకా ఉచితమని చెప్పి, ఒప్పుకున్నవాళ్ల పేర్లు రాసుకురమ్మంది. సాయంత్రం బస్సు దిగాక కాగితం పట్టుకుని గదులన్నీ తిరిగాను. అందరూ జగిత్యాల, నిజామాబాదు వైపు మావాళ్లే. ఒక్క పేరు రాలలేదు. రెండేళ్లకోసారి ఇంటికి పోయే నలుగురు పిల్లల తండ్రి ఒకాయన, ఇక పిల్లలు పుట్టరేమోనని బెంగ పెట్టుకున్నాడు.

"నువ్వే సదివినవ్ గద తమ్మీ," అన్నాడు మా గదిలో అందరికన్నా పెద్దవాడైన మేస్త్రీ. ఆయన్ని అందరం కాకా అనేవాళ్లం. "ఇప్పుడు నువ్వే ఏసుకోమంటున్నవ్. గా రెండిట్ల ఏది నమ్మాలె?"

నిజం చెప్పాలంటే ఆ కాగితం మీద నా పేరు కూడా లేదు.

కాకాకు యాభై దాటాయి, షుగర్ ఉంది. పక్క క్యాంపు నుంచి అలాంటి వాళ్లనే ఆసుపత్రికి మోసుకుపోతున్నారు. ఎవరికి పడినా పడకపోయినా ఆయనకు సూది పడాలని నాకు పట్టుదల వచ్చింది. టీకా గురించి తెలిసిందంతా గదిలో చెప్పాను, అది అయిదు నిమిషాల్లో అయిపోయింది. అప్పుడు నాకో తెలివి తట్టింది.

గల్ఫుకు రావాలంటే ముందు మెడికల్ దాటాలి. రక్తం తీస్తారు, ఛాతీకి ఎక్స్‌రే తీస్తారు, ఫిట్టో అన్‌ఫిట్టో రాస్తారు. అన్‌ఫిట్ అంటే ఖలాస్, ఇంటికే. మావాళ్లలో దేవుణ్ని నమ్మనివాడు ఒకడో ఇద్దరో ఉంటారేమో గానీ మెడికల్‌కు భయపడనివాడు లేడు.

"ఇది గూడ మెడికల్ లెక్కనే," అని ప్రకటించాను. "సూది పడనోడు అన్‌ఫిట్."

తెల్లారేసరికి కాగితం రెండువైపులా నిండిపోయింది. అంతటితో ఆగితే బాగుండు. మెడికల్‌కు ముందు ఊళ్లో చేసేవన్నీ ఇక్కడా మొదలుపెట్టారు. మాంసం మానేశారు, ఉప్పు తగ్గించారు, సీసాల కొద్దీ నీళ్లు తాగారు. టీకా రోజున గడ్డాలు గీసుకుని, కొత్త బనియన్లు వేసుకుని బస్సెక్కారు. సూది వేసిన నర్సును ప్రతివాడూ "ఫిట్టేనా?" అని అడిగాడు. ఆమెకు సంగతి అర్థం కాక అందరికీ తలూపింది. ఆ వరుసలోనే భయం పైకి కనపడనీయకుండా నిలబడి నేనూ వేయించుకున్నాను.

కాకా మాత్రం బస్సెక్కలేదు. వంటగదిలో ఉల్లిగడ్డలు కోస్తూ తల నొస్తుందన్నాడు. రెండో విడత బస్సు వచ్చినప్పుడు ఓవర్‌టైం ఉందన్నాడు. పాత మెసేజీల భయమే అనుకుని, "నీకింక పిల్లలెందుకు కాకా," అని అందరి ముందూ ఆటపట్టించాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. జుఫైర్‌లో మేం కడుతున్న హోటలు దగ్గర ఇంజనీరు, టీకాలో అన్ని క్యాంపుల్లోకీ మీదే నయమని నా భుజం తట్టాడు. ఆ పొగడ్త తలకెక్కి, నేను మళ్లీ కాకాను అడగనేలేదు.

నెలన్నర తర్వాత ఒక మధ్యాహ్నం కాకా ఒళ్లు కాలే జ్వరంతో, ఊపిరాడక మంచం పట్టుకుని కూర్చున్నాడు. అంబులెన్సు వచ్చింది. మూతికి గుడ్డ కట్టుకుని ఆయన్ని మెట్లు దింపాను. కింద నా చెయ్యి వదల్లేదు.

"తమ్మీ, ఛాతి ఫోటో తియ్యద్దని జెప్పు. పాత టీబీ మచ్చ ఉన్నది. బొంబాయిల ఒకసారి గదే జూసి అన్‌ఫిట్ రాసిన్రు, పైసలిచ్చి తప్పిచ్చుకొని వచ్చిన. నీ మెడికల్‌ల గూడ దొరుకుతనని రాలే. ఇంటికి తోలిస్తరు."

"గా టీకా మెడికల్ గాదు కాకా," అన్నాను. "ఫోటో ఏం తియ్యరు. సూది ఒక్కటే. అందరు రావాలని నేనే అబద్ధం జెప్పిన."

"గట్లనా," అన్నాడు. అంతే. నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేదోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

తొమ్మిదో రోజు పోయాడు. ఆ రోగంతో పోయినవాళ్లను అప్పట్లో విమానం ఎక్కించడం లేదు, ఇక్కడే దహనం చేశారు. ఆయన భార్యకు చివరిచూపు చూపించడానికి ఫోను పట్టుకున్నది నేనే.

"ఒక్కసారి ఇంటికి తోలియ్యరా బిడ్డా," అని ఆమె అడిగింది.

"తోలియ్యరు చిన్నమ్మా," అన్నాను. ఈసారి నేను చెప్పింది నిజమే.