కనకాన్ని రెండో అంకంలో చంపినందుకు

బతికున్న మనిషిని జమ్మికుంటలో, పెట్రోమాక్స్ లైట్ల వెలుగులో, ఊరంతా చూస్తుండగా చంపినవాణ్ని నేను. పైగా చప్పట్లు కొట్టించుకున్నాను. పోలీసులు రాలేదు గాని, వచ్చి తీసుకుపోయినా బాగుండేదనిపించింది.

భైంసా నుంచి కొత్తగా పంతులు ఉద్యోగానికి వచ్చాను. అంతకు కొన్నాళ్ల ముందే కన్నుమూసిన శతకకవి నర్సయ్య జీవితాన్ని ఊరివాళ్లు నాటకంగా వెయ్యాలనుకుంటే, రాస్తానని ముందుకు దూకాను. ఆయన పద్యాలన్నిటికీ ‘కనకమా’ అనేదే మకుటం. వెన్నెల కాస్తే కనకమా, వాన కురిస్తే కనకమా, పచ్చిపులుసు కుదిరినా కనకమా. ఇన్నిసార్లు పిలిచాడంటే భార్యే అని తేల్చేశాను. ఎవరినైనా అడగొచ్చు కదా అంటారా? అడిగి రాస్తే ఇక నా ప్రతిభ ఏం కావాలి?

ఆడవేషాలు మగవాళ్లే వేసే కాలం. కనకం వేషం దర్జీ లింగానికి ఇచ్చాను.

"మీసం తియ్యాల్నా సారూ?"

"కనకానికి మీసముంటదా మరి?"

"ఉంటది సారూ."

"పరాచికాలు ఆపి పోయి గీయించుకో."

పాపం, గీయించుకున్నాడు.

రెండో అంకంలో కనకానికి జ్వరమొచ్చింది, పోయింది. ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకున్నారు. మూడో అంకంలో నర్సయ్య ఒంటరిగా, దిక్కులేకుండా మంచంమీద ప్రాణం విడుస్తుంటే తెరచాటున నేను పొంగిపోతున్నాను. అప్పుడు ముందు వరసలోంచి బుర్రమీసాల ముసలాయన లేచాడు.

"ఆపుండ్రి జర. నాటకం రాసిన సారెవరు?"

బయటికొచ్చాను. "నేనే కాకా. నువ్వెవరు?"

"కనకయ్యను. కనకం అంటరు."

పక్కన చీరలో ఉన్న లింగం, నున్నటి పైపెదవి తడుముకుంటూ నావైపు చూశాడు.

"మరి నర్సయ్యగారి భార్య?" అన్నాను.

"భార్యెక్కడిది? ఆయన పెండ్లి చేసుకోలే, నేను చేసుకోలే. పడుసుతనం నుంచి ఒక్కటే ఇల్లు, ఒక్కటే పొయ్యి. ఆయనకు నేను, నాకు ఆయన. ఊరందరికి ఎరుకే."

ఊరందరూ తలలూపారు. పంతులు రాశాడు, నాటకమే కదా అని ఊరుకున్నారట. ఆలు లేదు, చూలు లేదు, చావు మాత్రం రెండో అంకంలో అన్నట్టయింది నా పని.

"చీర కట్టిచ్చినవ్, ఊకున్న. జరమొచ్చి సచ్చిన్నంటే నవ్వుకున్న. కని ఆయనను ఒక్కన్ని జేసి పండవెట్టినవ్ సూడు, గది తప్పు సారూ. పానం పోయేటప్పుడు తల నా తొడ మీదనే ఉండె. రేపు గీ పోరగాండ్లు నాటకమే నిజమనుకుంటరు. ఆయన ఒక్కడే పోలే."

నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో సగం, ఆ ఇద్దరి మీద ప్రేమతో సగం.

"మళ్ల ఆడుతం కాకా, కూసో," అన్నాను.

లింగం చీర విప్పి ధోతి కట్టాడు. ముసలాయన కిందినుంచే దిద్దాడు: "చెయ్యి నెత్తి మీద పెట్టు. ఆఁ, గట్లనే." నర్సయ్య వేషగాడు లింగం తొడమీద తల పెట్టి ఆఖరి పద్యం ఎత్తుకున్నాడు. చివర "కనకమా" అన్నాడు.

లింగం జవాబివ్వకముందే ముందు వరసలోంచి వినబడింది.

"ఈడనే ఉన్న."

ఆ రాత్రే ఒట్టేసుకున్నాను. ఎవరి జీవితకథ రాసినా సరే, ముందు వరసలో కూర్చున్నవాళ్లందరి పేర్లూ అడగనిదే ఇక జన్మలో ఎవర్నీ చంపను.