అత్తయ్యకు వంకాయ కాల్చిన సాయంత్రం

మా అత్తయ్య నా చేతి వంట తినేది కాదు. పెళ్ళై తొమ్మిదేళ్ళయినా ఆ సంగతిలో మార్పు రాలేదు. వాళ్ళది శృంగవరపుకోటలో గుడి అర్చన చేసుకునే కుటుంబం. మాది బొబ్బిలి దగ్గర వ్యవసాయం. వారానికి రెండుసార్లయినా చేపల పులుసు లేకపోతే మా నాన్నకి భోజనం చేసినట్టే ఉండదు. అత్తయ్య మా ఇంటికొస్తే గిన్నెలతో సహా తెచ్చుకుని, వేరే పొయ్యి మీద తనకింత వండుకునేది. నన్ను ఒక్క మాట అనేది కాదు. అంటే నేనూ తిరిగి ఒకటి అనేసి ఊరుకునేదాన్ని. ఏమీ అనకపోవడమే నాకు ఒళ్ళు మండించేది.

కిందటేడు పిల్ల సెలవులకు మూడు రోజులు కళింగపట్నం వెళ్ళాం. నేను, మా ఆయన, మా అమ్మాయి, అత్తయ్య. ఆమదాలవలసలో రైలు దిగి, ఆటో మాట్లాడుకుని, సముద్రానికి దగ్గర్లో అద్దెకు తీసుకున్న ఇంటికి చేరాం. వంటగదిలో గ్యాసు పొయ్యి చూడగానే అత్తయ్య వెనక్కి తిరిగింది. దాని మీద ఎవరు ఏం వండారో ఎవరికి తెలుసు అంది. మొదటి రోజు రెండు పూటలా అటుకులు, పెరుగు, అరటిపండుతో గడిపేసింది. రెండో రోజు మధ్యాహ్నమూ అదే.

ఆ సాయంత్రానికి నా తమ్ముడు ఒక సంచీ నిండా కానాగడత చేపలతో దిగుతున్నాడు. మేం చేపలు కాల్చుకు తింటుంటే డెబ్బై ఏళ్ళ మనిషి పక్కన కూర్చుని అటుకులు నమలడం చూడటం నా వల్ల కాదు. అదంతా జాలే అనుకునేరు. సగం పంతం.

పెరట్లో ఇటుకలు పేర్చి రెండు పొయ్యిలు పెడతానన్నాను. అత్తయ్య పొయ్యికి అన్నీ కొత్తవే: బొగ్గులు, ఇనప జాలీ, పట్టకారు. అన్నం తన గిన్నెలో తనే వండుకోవచ్చు. నేను తలస్నానం చేసి వచ్చి వంకాయలు కాల్చి పచ్చడి చేస్తాను. ఆవిడ చాలాసేపు ఆలోచించి, సరే అంది. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. పట్టకార్లు కలిసిపోకుండా ఆవిడదానికి ఎర్రదారం కట్టి, ఆ ముడి మా ఆయనకు రెండుసార్లు చూపించాను కూడా.

ముందు వంకాయలు, తర్వాతే చేపలు అనుకున్నాం. మా తమ్ముడికి ఆకలి ఆగక రెండో పొయ్యి మీద చేపలు పెట్టేశాడు. కారం, పసుపు, నిమ్మరసం పట్టించిన చేపల నూనె నిప్పుల్లో పడి చిటపటమంటోంది. వాడికి విసరడం తప్ప తిప్పడం చేతకాదు కాబట్టి రెండు పొయ్యిలూ నా మీదే పడ్డాయి. అత్తయ్య ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి పొయ్యిలకు ఎదురుగా వేసుకుని, పరీక్ష హాల్లో పంతులమ్మలా నా చేతులనే చూస్తూ కూర్చుంది. చీకటి పడబోతుంటే దీపం పెట్టుకోవడానికి లోపలికి వెళ్ళింది.

అప్పుడే సముద్రం మీంచి గాలి విసురుగా వచ్చింది. బొగ్గులు కుంగి అత్తయ్య జాలీ ఒక పక్కకు ఒరిగింది. కాలిన వంకాయ దొర్లి ఇసకలో పడబోతుంటే చేతిలో ఉన్న పట్టకారుతో పట్టేశాను. తీరా చూస్తే దానికి ఎర్రదారం లేదు.

ఎవరూ చూడలేదు. తమ్ముడు పొగకు మొహం తిప్పుకుని విసురుతున్నాడు. మా ఆయన, పిల్ల అలల దగ్గరున్నారు. పొట్టు ఒలిచేస్తాం కదా, లోపలి గుజ్జుకు ఏమంటుకుంటుంది అనుకున్నాను. ఇప్పుడు చెబితే ఆవిడ మళ్ళీ అటుకులే తింటుంది అనుకున్నాను. అసలు సంగతి అదీ కాదు. తొమ్మిదేళ్ళకు ఒక్కసారి దొరికిన అవకాశం చేజారిపోతుందని భయం. వంకాయ ఒలిచి, పచ్చిమిర్చి, చింతపండు వేసి పచ్చడి చేసి వడ్డించేశాను.

అత్తయ్య నెయ్యి వేసుకుని రెండు ముద్దలు తింది.

"మా అమ్మ సేసినట్టే ఉన్నాదే," అంది.

తిట్టినా తట్టుకునేదాన్ని. ఆ మాటకు సిగ్గేసింది. ఆవిడ మూడో ముద్ద కలుపుతుంటే ఇక ఆగలేకపోయాను.

"అత్తయ్యా, తినకండి. సేపల పట్టకారుతో మీ వంకాయి పట్టేసేను. తెలిసీ పెట్టేసేను."

ఆవిడ ముద్ద ఆకులో వదిలేసింది. లేచి పంపు దగ్గరకెళ్ళి నోరు పుక్కిలించుకుని, కాళ్ళు కడుక్కుని వచ్చింది. అప్పటికి మా ఆయన ఒడ్డున కొన్న మొక్కజొన్న పొత్తులతో వచ్చి పిల్లకు ఒకటి వలిచిపెడుతున్నాడు. చేప రుచి ఎరగనట్టు ఆయనా ఆ పూట జొన్నపొత్తులే తింటున్నాడు. నా వైపు తిరిగి, ఊరుకుంటే పోయేదానికి ఎందుకు చెప్పావని విసుక్కున్నాడు.

"నువ్వయితే సెప్పవురా," అంది అత్తయ్య. "మీ అత్తోరింట్లో నువ్వేటి తింతన్నావో ఎన్నేళ్ళ బట్టి సెప్పలేదో నాకు తెలీదనుకున్నావేటి?"

మా ఆయన తలొంచుకుని ఇంకో పొత్తు వలవడంలో పడ్డాడు. తమ్ముడు నవ్వాపుకోలేక నీళ్ళ వంకతో లోపలికి పోయాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. గిన్నెలో మిగిలిన పచ్చడి వైపు చూస్తూ నిలబడ్డాను.

"వంకాయలింకా ఉన్నాయేటే?" అని అడిగింది అత్తయ్య.

రెండున్నాయన్నాను.

"కాల్చు మరి. ఆకలేస్తన్నాది."

చేతులు కడుక్కుని, ఇటుకలు నాలుగు అవతలకు జరిపి కొత్తగా నిప్పు రాజేశాను. ఈసారి జాలీ వాడకుండా వంకాయలు నేరుగా బొగ్గుల మీదే పెట్టాను. అత్తయ్య కుర్చీ ఎత్తి సముద్రం వైపు తిప్పి వేసుకుని కూర్చుంది. వంకాయలు కాలేంతసేపూ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.