సున్నం పూసిన గోడ

నేను కాపురానికి వచ్చేనాటికి మా మామకు యాభై దాటాయి. చంద్రగిరికి ఎగువన, కొండ మొదట్లో ఉండేది మా పల్లె. మట్టీ సున్నం ఏదీ లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడ కట్టడం ఆయన పని. ఆ చుట్టుపక్కల చేల గట్లూ గొర్రెల దొడ్లూ సగం ఆయన చేతివే. మా అత్త నేను రాకముందే పోయింది. నా మొగుడికి సేద్యం తప్ప రాళ్ళ పని ఎక్కలేదు. దాంతో మామకు రాళ్ళు అందించే పని మొదటి ఏడాదే నా మీద పడింది.

ఆయన రాయిని సుత్తితో కొట్టడం అరుదు. చేతుల్లో తిప్పి తిప్పి చూసేవాడు. కొండ మీద పడున్నప్పుడు ఏ పక్క ఎండకు చూసిందో, గోడలోనూ ఆ పక్కే బయటికి పెట్టేవాడు. మట్టిలో కూరుకున్న పక్క లోపలికి పోయేది.

"దాని మొగం యాడుండాదో సూడు మ్మే. రాయికైనా అలవాటు తప్పిస్తే ఓర్సుకోదు" అనేవాడు.

గోడ నిండా సందులు వదిలేవాడు. ఎగువ నీళ్ళు ఆ సందుల్లోంచి కారిపోవాలి. తొండలు, జెర్రిగొడ్డు పాములు, ముంగిసలు వచ్చి చేరాలి. అవి రాకుంటే గోడ ఎక్కడో చెడిందని ఆయన లెక్క.

తెల్లదొరల కాలంలో, పెద్ద యుద్ధం జరుగుతున్న రోజుల్లో తిరుపతిలో ఇల్లున్న ఒక పెద్ద రైతు మా ఊరి కొండవాలు కొన్నాడు. వాలును చదును చేసి మామిడి పెట్టాలని ఆయన ఆశ. మన్ను జారకుండా వాలుకు అడ్డంగా గోడ కావాలి. మా మామ రెండు ఎండాకాలాలు కష్టపడి దాన్ని కట్టాడు. రెండు నిలువుల ఎత్తు. నడిమధ్యన వాననీళ్ళ వంక ఒకటి దిగేచోట గోడ మొదట్లో పెద్ద పెద్ద సందులు పెట్టాడు. గోడకు దిగువన నాలుగు గుడిసెలు ఉండేవి. అందులో ఒకటి గొర్రెలు కాసే ఒకాయనది, ఆయన ముసలితల్లిది. ఆ అవ్వ మధ్యాహ్నాలు గోడకు వీపు ఆనించి కూర్చునేది. సందుల్లోంచి చల్లగాలి వస్తుందని చెప్పేది.

ఒకరోజు రైతు భార్య మామిడి మొక్కలు చూడటానికి వచ్చింది. గోడ సందులోంచి నాగుపాము తల బయటపెట్టింది. ఆమె అక్కడే కూలబడిపోయింది. మర్నాడు రైతు మా మామను పిలిపించాడు.

"ఏమప్పా, గోడ కట్టమంటే పాములకు ఇల్లు కట్టిపెట్టినావే?"

"అది ఎలకల కోసం వస్తాది సామీ. దాని జోలికి పోకుంటే మన జోలికి రాదు."

"అదంతా వద్దు. సున్నం తెప్పిస్తాను. సందులన్నీ మూసేద్దాం."

"మూస్తే నీళ్ళు యాడికి పోతాయి సామీ?"

"రెండేండ్లుగా సుక్క పడలా. ఈ కరువులో నీళ్ళు యాడుండాయప్పా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. మా మామ భుజం మీది గుడ్డ దులుపుకుని ఇంటిదారి పట్టాడు.

బండ్ల మీద సున్నం వచ్చింది. పనికి వచ్చినవాళ్ళకు రాగులు కొలుస్తామన్నారు. ఇంట్లో రాగుల కుండ అడుగు కనబడుతోంది. "మనోళ్ళు ఎవురూ పోవద్దండి" అన్నాడు మామ. నా మొగుడూ నేనూ పోయాం. ఊళ్ళో చాలామంది వచ్చారు.

పలకరాళ్ళ ముక్కలు సందుల్లో దూర్చి, పైన సున్నం చేత్తో కూరి నున్నగా పూయాలి. రెండోరోజు నడిమధ్యన, వంక దిగేచోట ఒక సందులో చెయ్యి పెట్టినప్పుడు లోపల ఏదో మెత్తగా కదిలి నా వేళ్ళకు తగిలింది. పామో తొండో తెలియదు. పక్కన రైతు పెట్టిన మేస్త్రీ నిలబడి చూస్తున్నాడు. నేను సున్నం కూరేశాను.

ఆ సాయంత్రం నేను చేసిన సంగటి మామ ముట్టలేదు.

నెల రోజులు ఆ గోడ దగ్గర కుళ్ళు వాసన వచ్చింది. తెల్లటి గోడ మీద ఈగలు ముసిరేవి. గొర్రెలు దాని పక్కగా పోవడం మానేశాయి. కాపరి ఎంత అదిలించినా చుట్టు తిరిగి వెళ్ళేవి. అవ్వ తన చోటు మార్చుకుని వేపచెట్టు కిందికి చేరింది.

"ఆడ కూసుంటే ఎవురో ఊపిరి బిగబట్టుకోని నా ఎనక నిలబడినట్టుంటాదమ్మా" అంది నాతో.

కార్తీకంలో వాన మొదలైంది. తూర్పుగాలి పట్టింది. మొదటిరోజు ఊరంతా సంబరపడింది, ముంతలూ చెంబులూ చూరు కింద పెట్టుకున్నారు. రెండోరోజు కొండ కనబడలేదు. మూడోరోజు మధ్యాహ్నం మామ గోనెసంచి తలమీద కప్పుకుని, గడపార పట్టుకుని గోడవైపు బయలుదేరాడు. ఏమీ అడక్కుండా నేనూ వెంట నడిచాను.

ఎగువన మామిడి మొక్కల కొనలు కూడా మునిగి నీళ్ళు చెరువులా నిలబడి ఉన్నాయి. దిగువన గోడ మొదట్లో ఒక్క చుక్క కారడం లేదు. అంత వానలో ఆ గోడ మొదలు మామూలు తడి తప్ప నీళ్ళు లేకుండా ఉంది. మామ గోడకు చెవి ఆనించాడు. నన్నూ వినమన్నాడు. దూరంగా ఎవరో తిరగలి తిప్పుతున్నట్టు లోపల రాయి రాయిని రుద్దుకుంటోంది.

"కడుపు పట్టింది" అన్నాడు. చూస్తే నడిమధ్యన గోడ నిజంగానే ముందుకు ఉబ్బి ఉంది. సున్నం మీద వెంట్రుకంత బీట. "పో మ్మే, గుడిసెల్లోవాళ్ళను లేపుకోని బండ మీదికి తోలుకోని పో. నిలబడి మాట్లాడొద్దు."

ఆయన గడపార తీసుకుని గోడ చివర, ఎత్తు తక్కువగా ఉన్నచోటికి పరుగెత్తాడు. అక్కడ బొక్క పొడిస్తే నీళ్ళు పక్కకు మళ్ళుతాయని ఆయన ఆలోచన.

నేను అరుచుకుంటూ నాలుగు గుడిసెలూ తిరిగాను. పిల్లల్నీ పెద్దల్నీ గుడిసెల పక్కన ఎత్తుగా ఉన్న బండ మీదికి చేర్చాను. కాపరి కొండ మీద గొర్రెలతో ఉన్నాడు. అవ్వను నా చేయి పట్టించి నడిపించాను. గోడ చివర మామ పొడిచిన బొక్కలోంచి ఎర్రనీళ్ళు చెయ్యంత లావున చిమ్మాయి. గండం గడిచిందనుకున్నాను.

"నిన్న పుట్టిన గొర్రిపిల్ల బుట్ట కింద ఉండాది" అంది అవ్వ.

"నేను తెస్తాను, నువ్వు కూసో అవ్వా" అన్నాను. పక్కన ఏడుస్తున్న ఒక పిల్లవాడిని ఎత్తుకుని వాడి తల్లికి అందించి తిరిగేసరికి అవ్వ బండ దిగిపోయింది. గుడిసె తలుపు తోస్తూ కనబడింది.

మొదట చప్పుడు లేదు. కూర్చున్న మనిషి మోకాళ్ళ మీద చెయ్యి పెట్టి లేచినట్టు గోడ నడిమి భాగం నెమ్మదిగా ముందుకు వంగింది. ఆ తర్వాత వచ్చిన చప్పుడుకు నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి నాలుగు గుడిసెలూ లేవు.

మర్నాడు వాన తెరిపిచ్చాక రాళ్ళు తీయడం మొదలుపెట్టాం. ప్రతి రాయినీ మామ గుర్తుపట్టాడు. ఏది ఏ వరసలోదో, కొండలో ఏ చోటు నుంచి మోసుకొచ్చామో లోలోపల గొణుక్కుంటూ పక్కన పెట్టాడు. ఆ రాళ్ళకు అంటుకున్న సున్నం మీద వేళ్ళ గుర్తులు గట్టిపడి ఉన్నాయి. నేను నా చెయ్యి వాటి మీద పెట్టి చూసుకునే ధైర్యం చేయలేదు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి అవ్వ దొరికింది. కాపరి తల్లిని భుజం మీద ఎత్తుకుని ఒక్కడే మోసుకుపోయాడు.

మూడోరోజు రైతు వచ్చాడు. కాసేపు నిలబడి, "ఒట్టి రాళ్ళ గోడ, పడకుండా ఏమయితాది" అన్నాడు. మామ గడపార మట్టి కడుక్కుని భుజాన వేసుకున్నాడు.

నాకు అన్నం సయించలేదు. చివరికి ఒక సాయంత్రం కాపరి దగ్గరికి పోయాను. ఆయన కొండవాలులో గొర్రెల మధ్య కూర్చుని ఉన్నాడు.

"అన్నా, వంక దిగే ఆ సోటు మూసింది నేను. నడిమధ్యన. మా మామ వద్దన్నా ఇనలేదు" అన్నాను.

ఆయన గొర్రెలవైపు నుంచి నావైపు తిరిగాడు.

"ఆ సున్నం కలిపింది ఎవురనుకున్నావు? నేనే. మాయమ్మ గూడా రాయి మోసింది. ఆ రాగుల్లో రెండు ముంతలు ఆమెవే" అన్నాడు.

నేను ఆయన పక్కన నేలమీద కూర్చున్నాను. కింద, పడకుండా మిగిలిన గోడ రెండు ముక్కలూ తెల్లగా కనబడుతున్నాయి. వాటి వెనక ఇంకా నీళ్ళున్నాయి. తూర్పున మళ్ళీ మబ్బు ముసురుకుంటోంది.

మర్నాడు పొద్దున్నే మామా నేనూ గోడ దగ్గరికి వెళ్ళేసరికి కాపరి ముందే వచ్చి ఉన్నాడు. రైతును ఎవరమూ అడగలేదు. ఒక్కొక్క సందూ వెతుక్కుంటూ సున్నం పొడిచి రాల్చాం. మూడోరోజు నా మొగుడు కూడా గడపార తీసుకుని వచ్చి మామ పక్కన నిలబడ్డాడు.

"యాడ పొడవాల నాయనా?" అని అడిగాడు.

మామ చేత్తో చూపించాడు.